ఊపిరితో లోపలికెళ్లే జన్యు మందు

ఆస్టిన్‌లో టెక్సాస్ విశ్వవిద్యాలయం టవర్‌కు ఉత్తరాన ఫార్మసీ కళాశాల ఉంది. 1893లో గాల్వెస్టన్‌లో పుట్టి, 1927లో ఇక్కడికి తరలివచ్చింది. ఆచార్య రాబర్ట్ విలియమ్స్ బృందం పెంపొందించిన ‘థిన్ ఫిల్మ్ ఫ్రీజింగ్’ పద్ధతిని చూడడానికి వెళ్లాను. జన్యు పదార్థాన్ని పొడి చేసి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పంపేందుకు ఇక్కడ ఈ పద్ధతినే వాడి చూస్తున్నారు.

‘‘ముందు కళ్లద్దాలు పెట్టుకోండి సార్. ఇప్పుడు దగ్గరికి రండి, చూద్దురుగాని’’ అంది వరంగల్‌లో బీఫార్మసీ చదివి వచ్చిన పరిశోధక విద్యార్థిని.

జన్యువు సందేశాన్ని మోసే ఎంఆర్‌ఎన్‌ఏని సన్నని కొవ్వు బుడగల్లో పొదిగి, చక్కెర కలిపిన ద్రావణంలో ఉంచుతారు. ఆ ద్రావణం చుక్కలు చుక్కలుగా, గడ్డకట్టే చలిలో ఉన్న లోహపు తలం మీద పడుతుంది. పెనం మీద పోసిన దోసె పిండిలా చుక్క పలచగా పరుచుకుని, రెప్పపాటులో గడ్డకడుతుంది. ఆ వేగమే ఇక్కడ ప్రాణం. నెమ్మదిగా గడ్డకడితే మంచు పలుకులు పెద్దవై బుడగలను ఒకచోటికి నెట్టేస్తాయి. అవి ఒకదానికొకటి అంటుకుని పాడవుతాయి. వేడిగాలిలో పిచికారీ చేసి ఆరబెట్టే పాత పద్ధతిలోనైతే వేడి, ఒత్తిడి రెండూ వాటిని దెబ్బతీయవచ్చు. గడ్డకట్టిన రేకులను శూన్యంలో ఆరబెడితే మంచు నీరు కాకుండానే ఆవిరైపోతుంది. మిగిలేది ముట్టుకుంటే రాలిపోయే తెల్లని, బోలు పొడి.

ఆ పొడి రేణువుల సైజును మరో బల్ల మీద పరీక్షిస్తున్నారు. ఇంపాక్టర్ అనే యంత్రం మనిషి ఊపిరిలా గాలి పీలుస్తుంది. పెద్ద రేణువులు పైఅంతస్తుల్లో, చిన్నవి కింది అంతస్తుల్లో పడతాయి. 5 మైక్రాన్లు దాటినవి చాలావరకు గొంతులోనే ఆగిపోతాయి. మరీ చిన్నవాటిలో చాలా భాగం నిశ్వాసతో బయటికి వచ్చేస్తుంది. 1 నుంచి 5 మైక్రాన్ల మధ్యవి లోతుకు చేరతాయి.

ఈ శ్రమ ఎవరి కోసమో, ఊపిరితిత్తుల్లో చిక్కని శ్లేష్మం పేరుకునే వంశపారంపర్య జబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్ చరిత్ర చెబుతుంది. ఆ జబ్బుకు మూలమైన జన్యువును 1989లో గుర్తించారు. 1993లోనే అమెరికాలో రోగులపై జన్యు చికిత్స ప్రయోగాలు మొదలయ్యాయి. 2019లో వచ్చిన ట్రైకాఫ్టా మాత్రలు ఎందరి జీవితాలనో మార్చాయి. కానీ ఆ జన్యువు ఇవ్వాల్సిన ప్రోటీన్ ఒంట్లో అసలే తయారుకానివారికి అవి పనిచేయవు. వాళ్లకు జన్యువునో దాని సందేశాన్నో ఊపిరితిత్తులకు అందించాలి. అక్కడ చిక్కని శ్లేష్మం అడ్డుపడుతుంది.

ఇలాంటి పొడి జన్యు మందు ఏదీ ఇంకా ఆమోదం పొంది రోగుల చేతికి రాలేదు. ఈ పద్ధతిని మార్కెట్‌కు తేవాలని పుట్టిన టీఎఫ్‌ఎఫ్ ఫార్మాస్యూటికల్స్ 2024లో కార్యకలాపాలు ముగించింది. అయినా ఈ పని ఆగకూడదు. కోవిడ్ కాలంలో, ఎంఆర్‌ఎన్‌ఏతోనే చేసిన ఫైజర్ టీకాకు మైనస్ 70 డిగ్రీల చలి కావాల్సి వచ్చింది. అంత చలిపెట్టె మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎక్కడ దొరుకుతుంది? చలి అవసరం తగ్గే పొడి అయితే ఉబ్బస రోగులకు చిరపరిచితమైన రోటాహేలర్ లాంటి పరికరమే చాలవచ్చు. జన్యువును సరిదిద్దే శాస్త్రానికి దక్కే నిధులూ గౌరవమూ దాన్ని నిలవుండే పొడిగా మార్చే ఈ పనికీ దక్కాలి. రోగి ఊపిరిదాకా చేరినప్పుడే అది మందవుతుంది.