మాల్దీవుల ఆల్బంలో మాల్దీవులు

సెలవులకు మాల్దీవులు వెళ్లొచ్చిన కుటుంబాల ఫొటోలు ఏ ఇంట్లో చూసినా ఒక్క తీరుగానే ఉంటాయి. నీళ్లమీద కట్టిన కాటేజీ, కర్రమెట్ల మీద కాళ్లు వేలాడేసుకున్న పిల్లలు, కొబ్బరిచెట్ల మధ్య ఊయలలో కునుకు తీస్తున్న నాన్న. పేరు రాసిపెట్టకపోతే అది ఫుకెట్టో మారిషస్సో పోల్చుకోవడం కష్టం. మనవాళ్లకు కొత్త దేశమంటే కుతూహలం లేదని ఇలాంటివి చూసి చాలామంది ఈసడిస్తారు. నాకు ఆ కుటుంబాలను తప్పుపట్టాలనిపించదు. దేశం కంటపడకుండా సెలవు గడిచిపోయేలా అక్కడి ఏర్పాటే ఉంది. కాకపోతే ఇంటికొచ్చి తలుచుకునేటప్పుడు కూడా ఆ ఏర్పాటుకు లోబడి ఉండనక్కర్లేదు.

సుమారు 1,200 దీవుల్లో జనం కాపురముండేవి 200 లోపే. 1972లో రాజధాని మాలేకు దగ్గర్లో కురుంబా అనే మొదటి రిసార్టు తెరిచాక, ప్రభుత్వం ఖాళీ దీవులను కంపెనీలకు కౌలుకిస్తూ పోయింది, ఒక దీవికి ఒక రిసార్టు చొప్పున. విమానాశ్రయానిదీ విడి దీవే. దిగినవాళ్లు అటునుంచటే స్పీడ్‌బోటో సీప్లేనో ఎక్కేస్తారు. రాజధానిలో అడుగుపెట్టకుండానే వారం గడిచిపోతుంది. ఊళ్లలో నిషేధమైన మద్యం రిసార్టులో బల్లమీదికే వస్తుంది. పండ్లూ కూరలూ చాలావరకు ఓడల్లోనో విమానాల్లోనో దిగుతాయి. స్నానానికి వాడే నీళ్లు సముద్రం నుంచి తోడి, యంత్రాలతో ఉప్పు తీసినవి. ఆ యంత్రాల విలువ 2014 డిసెంబరులో తెలిసొచ్చింది. మాలేలోని నీటి కేంద్రంలో మంటలు రేగి నగరమంతా తాగునీటికి అల్లాడితే, మన వాయుసేన విమానాల్లోనూ నౌకాదళం ఓడల్లోనూ నీళ్లు పంపారు. ఇక చెత్త సంగతంటారా, తిలఫుషి అనే దీవి 1990ల నుంచీ దానితోనే పెరిగింది. కల్యాణమండపంలో పెళ్లి భోజనం చేసొచ్చి ఊరు చూశామనుకోవడం ఎలాంటిదో, ఈ వారమూ అలాంటిదే.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఈ అడ్డుగోడ కట్టుకున్నది మాల్దీవుల వాళ్లే కదా, బికినీలకూ బీరుకూ తమ పల్లెలకూ మధ్య సముద్రాన్ని ఉంచుకోవడం వాళ్ల ముందుచూపు కదా అని. నిజమే, గౌరవించాల్సిందే. కానీ 2009 ప్రాంతంలో ఆ ప్రభుత్వమే జనావాస దీవుల్లోనూ గెస్ట్‌హౌస్‌లకు తలుపులు తెరిచింది. మాఫుషి లాంటిచోట ఇప్పుడు ఊరి వీధిలోనే బస. పర్యాటకుల ఈతకు మాత్రం వేరే బీచ్. పర్యాటకుల డబ్బు తమ వీధిదాకా రావాలని కోరుకున్నవాళ్లు అక్కడా ఉన్నారన్నమాట.

ఏడాదంతా గొడ్డుచాకిరీ చేసి వెళ్లేది హాయిగా పడుకోవడానికి, పాఠాలు నేర్చుకోవడానికా అని మరికొందరు అడుగుతారు. అమ్మకు కొన్నాళ్లు పొయ్యి మొహం చూసే పని తప్పుతుంది. అంత డబ్బు పోసినందుకు అదొక్కటే నాకు సరైన సమాధానంగా కనబడుతుంది. అయితే విశ్రాంతి ఎక్కువకాలం నిలవదు. నెదర్లాండ్స్‌లో 1,530 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, సెలవుకు వెళ్లొచ్చినవాళ్లలో అత్యధికులు వెళ్లనివాళ్లకంటే ఆ తర్వాత ఎక్కువ సంతోషంగా లేరని తేలింది. ప్రయాణానికి ముందు మాత్రం ఉత్సాహంగా ఉన్నారు. బాగా సేదతీరినవాళ్లకు కాస్త మిగిలింది, అదీ రెండు నెలలు దాటలేదు. పదేళ్లపాటు చెప్పుకోవడానికి పడక కుర్చీ చాలదు, వేరే సరుకు కావాలి.

ఆ సరుకు తీరిగ్గా ఇంట్లో కూర్చునే పోగేసుకోవచ్చు. పిల్లల పాదాలకంటిన ఆ తెల్లటి ఇసుకలో చాలాభాగం చిలకచేపలు పగడపు దిబ్బలను కొరికి, నూరి, విసర్జించిందే. ఈ ముక్క చెవిన పడ్డ పిల్లలు ఆ బీచ్‌ను జన్మలో మరిచిపోరు. బెంగాల్, ఒడిశాల్లో 19వ శతాబ్దం దాకా చిల్లర డబ్బుగా చెల్లిన గవ్వలు చాలామటుకు ఈ దీవులవే. అష్టాచమ్మా ఆడే ఇంట్లో చెప్పదగ్గ కథ. నీళ్లలో తీసిన వీడియోలో పగడాలు పాలిపోయి కనిపిస్తే, 1998లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి అవి ఎలా చచ్చాయో చదువుకోవచ్చు. ఇక ప్లేట్లు పట్టుకుని ఫొటో అంచున నవ్వుతున్న కుర్రాడున్నాడు. రిసార్టుల్లో పనిచేసేవాళ్లలో బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్లూ, సొంత దీవిలో ఇల్లు వదిలి నెలలతరబడి అక్కడే ఉండే మాల్దీవుల వాళ్లూ చాలామంది. ఇతను ఎవరో అడగడం అప్పుడు తోచకపోతే పోయింది. చొక్కా మీద బ్యాడ్జీ ఉంటుంది, ఫొటో పెద్దది చేస్తే పేరైనా చదవొచ్చు.