నల్లిబొక్క నవ్వు

నవ్వులు రెండు రకాలు. నవ్వి అక్కడే వదిలేసి వచ్చేది ఒకటి. యింటిదాకా వెంటవచ్చేది రెండవది. యీ రెండింటినీ ఒకే మనిషి చేతిమీదుగా చూసే భాగ్యం మా కరీంనగరం ప్రాంతం వాళ్లకు కలిగింది.

ఆ మనిషి సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండి. సిరిసిల్ల 2016లో వేరే జిల్లాలో చేరింది గాని, మా నోట యింకా కరీంనగరమే! 2007లో వచ్చిన 'మున్నా' సినిమాలో వేసిన పాత్రతో 'టిల్లు వేణు' అయినాడు. 2013లో ఈటీవీవారు 'జబర్దస్త్' మొదలుపెట్టినప్పుడు అందులో ఒక జట్టుకు నాయకుడై యింటింటికీ తెలిశాడు. 2023 మార్చిలో 'బలగం' సినిమా తీసి మా వూళ్లను యేడిపించాడు.

టెలివిజనులో హాస్యానికి తీరిక వుండదు. కొద్ది నిమిషాలలో మొగుడు రావాలి, పెళ్లాం రావాలి (ఆ పెళ్లాం చాలాసార్లు చీర కట్టిన మగవాడే), తగాదా ముదరాలి, నవ్వు పేలాలి. మనం నవ్వుదామా అనుకునేలోగా కుర్చీలలోని న్యాయనిర్ణేతలు నవ్వేస్తారు. మార్కులు కూడా వేస్తారు. వచ్చేవారం మళ్లీ కొత్త మొగుడూ, కొత్త పెళ్లామూ. కిందటి తగాదా యెవరికీ గుర్తుండదు. అందులో తప్పేమున్నది? పగలంతా సాంచెల చప్పుడులో పనిచేసి యిల్లు చేరిన మనిషికి ఆ మాత్రం మరపు మందులాంటిది.

చిక్కల్లా ఆ నవ్వు సినిమాకు పోయినప్పుడే. జబర్దస్త్‌లో పేరుపడ్డ సుధీర్, శ్రీను, రాంప్రసాద్ కలిసి 2020లో 'త్రీ మంకీస్' అనే సినిమాలో నటించారు. ఒకరి మాట ఒకరు గాలిలోనే అందుకునే వారి చురుకు నాకెంతో యిష్టం. కాని సినిమాలో కథనంతా మోయవలసి వచ్చేసరికి ఆ మాటలకు ఆయాసం వచ్చినట్టు నాకు తోచింది.

'బలగం'లోనూ స్కిట్టుకు సరిపోయే సరుకే వున్నది. అల్లుడు నారాయణ విస్తరిలో నల్లిబొక్క పడలేదట! మూలుగున్న ఒక్క యెముక కోసం బావామరుదులు మాటలు మానుకున్నారు. టెలివిజనులోనైతే ఒక పంచ్, చప్పట్లు, సరి. సినిమా అక్కడ ఆగలేదు. ఆ యెముక మూలాన ఆడపడుచు యేళ్ల తరబడి పుట్టింటి గడప తొక్కలేదు. తండ్రి కొమురయ్య ఆ దిగులుతోనే పోయాడు. పిండం ముట్టడానికి కాకి రాలేదు. మనం నవ్విన నవ్వుకు యెవరో కూలి చెల్లిస్తున్నారని అప్పుడు తెలుస్తుంది.

మరొక మాట. మా యాసను తెలుగు సినిమాలు చాలాకాలం రౌడీ నోటనో, నౌకరు నోటనో పెట్టి నవ్వించినవి. 'బలగం'లో అందరిదీ ఆ యాసే కాబట్టి యాసను చూసి నవ్వే పని లేకపోయింది. మనుషులను చూసి నవ్వాము.

ఆ యేడు పల్లెపల్లెనా తెరలు కట్టి యీ సినిమా వేశారు. మా వూళ్లో బడి ముందర వేసిననాడు మా అమ్మ ఒక కొసన, మా మేనమామ మరొక కొసన కూర్చున్నారు. వాళ్ల మధ్య తగవు ఒక పొలం గట్టుది. నల్లిబొక్క దగ్గర అందరికంటే పెద్దగా నవ్వినవాడు మామే. చివర పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాట యెత్తుకునేసరికి మామ తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

తెల్లవారి మా వాకిట్లో నిలబడి, "అక్కా, చాయ పెట్టినవా?" అన్నాడు.

"లోపలికి రారాదుర్రా, గడప అడ్డమున్నదా?" అన్నది అమ్మ.

గట్టు సంగతి యిద్దరూ యెత్తలేదు. అది యిప్పటికీ తేలలేదు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశాడు. మామ మాత్రం పండుగకు వస్తున్నాడు. మాంసం వండిననాడు అమ్మ గిన్నె అడుగుదాకా గరిటెతో వెతికి, నల్లిబొక్క అతని విస్తట్లోనే వేస్తున్నది.