శివారుకు నీళ్లు

ఎముకలో పెద్ద ఖాళీ ఏర్పడితే పూడ్చడానికి సన్నటి రంధ్రాలున్న సిరామిక్ ఇంప్లాంట్ తయారు చేయొచ్చు. కష్టమంతా దాని మధ్యలో ఉన్న కణాలు బతకడమే. రక్తనాళానికి సుమారు 0.2 మిల్లీమీటర్ల లోపు ఉంటేనే కణానికి ఆక్సిజన్ సరిగ్గా అందుతుంది. బయటి నుంచి నాళాలు మెల్లగా పెరిగి వచ్చేలోపు మధ్యలోవి చచ్చిపోతాయి.

ఈ సంగతి నాకంటే ముందు అర్థమైంది మా నాన్నకే. రెండేళ్ల కిందట బండి మీంచి పడితే చీలమండకు కాస్త పైన ఎముక విరిగింది. ఎనిమిది నెలలైనా అతకలేదు. "అక్కడ రక్త సరఫరా తక్కువండీ" అన్నారు డాక్టర్ గారు. "మన శివారు పొలం లాంటిదన్నమాట" అన్నాడు నాన్న. మా రెండెకరాలు సాగర్ కాలువ చివర్న ఉన్నాయి. పైవాళ్లు తడుపుకున్నాక మిగిలితేనే మాకు నీళ్లు. చివరికి తుంటి ఎముకలోంచి కొంత తీసి అక్కడ పెట్టారు. కాలు అతికింది కానీ, తుంటి నొప్పి ఏడాది దాకా వదల్లేదు.

అందుకే స్టెమ్ సెల్స్ గురించి చదవడం మొదలుపెట్టా. సీఎస్ఈలో ఉండి నీకిదెందుకని రూమ్మేట్స్ నవ్వారు. ఎముక మజ్జలో, కొవ్వులో దొరికే మీసెంకైమల్ స్టెమ్ సెల్స్ ఎముకగా మారగలవు. పైగా వీఈజీఎఫ్ లాంటి ప్రోటీన్లు వదిలి చుట్టుపక్కల రక్తనాళాలు తమవైపు పెరిగేలా చేస్తాయి. వీటికి నాళాల లోపలి పొరలో ఉండే ఎండోథీలియల్ కణాలను కలిపితే, ఇంప్లాంట్ లోపలే సన్నటి గొట్టాలు ఏర్పడి ఒంట్లోని నాళాలతో కలుస్తాయి. నీళ్లు వదిలేలోపే పిల్లకాలువ తవ్వి పెట్టుకున్నట్టు!

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు దీన్ని మనుషుల్లో ప్రయత్నించి 2016లో ప్రచురించారు. భుజం దగ్గర ఎముక విరిగిన 8 మంది పెద్దవయసు వాళ్ల కొవ్వులోంచే ఈ కణాలు తీసి, సిరామిక్ రేణువులతో కలిపి, అదే ఆపరేషన్‌లో పెట్టారు. తుంటి జోలికే పోలేదు. తర్వాత తీసిన శాంపిల్స్‌లో కొత్త ఎముక కనిపించింది. అయితే 8 మందితో తేలిపోయే విషయం కాదిది. పెద్ద ట్రయల్స్ కావాలి.

ఇదంతా చెప్తే నాన్న ఒకటే అడిగాడు: "మన దాకా ఎప్పుడొస్తుంది?" నేనేం తేదీ చెప్పగలను?

మొన్న బాబాయి వాట్సాప్‌లో ఒక యాడ్ పంపాడు. స్టెమ్ సెల్స్‌తో ఎముకలు అతికిస్తారట, లక్షన్నర అట. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి చికిత్స అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే చేయాలి. "ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడుగు బాబాయ్" అన్నా. అడిగితే అవతలివాళ్లు ఫోన్ పెట్టేశారట. మీ ఇంట్లోవాళ్లకు ఇలాంటి యాడ్ వస్తే మీరూ ముందు ఆ నంబరే అడగండి.