ఒక్క డబుల్ పడి ఉంటే!

ఇంగ్లండు వచ్చిన ఆరేళ్లలో నన్ను పేరు పెట్టి పిలిచిన పొరుగువాళ్లు లేరు. మావారు మాత్రం వీధి చివరి పబ్బు డార్ట్స్ జట్టులో ఆడేవారు. ఆ ఏడాది వరసగా ఓటములే. కప్పు పోటీకి పొరుగూరు వెళితే, ఒక మనిషి తక్కువ!

"ఏమోయ్, నువ్వు నిలబడు" అన్నారు.

పప్పు ఉడికేలోగా వంటింటి తలుపు మీది బోర్డుకి విసిరిన అలవాటే నా ధైర్యం. 501 నుంచి తగ్గించుకుంటూ వచ్చి, చివర డబుల్‌తో సున్నా చేయాలి. నాకు 32 మిగిలింది. పదహారు డబుల్‌కి గురిపెడితే సింగిల్ పడింది. ఎనిమిది డబుల్‌కి వేసినవి రెండూ తీగకి అవతలే!

ఓడిపోయాం. శాండ్‌విచ్‌ల బల్ల దగ్గర తలొంచుకుని నిల్చుంటే, కెప్టెన్ నా పేరు వంకరగా పలికి, "వచ్చే గురువారం వస్తారు కదూ?" అన్నాడు.

ఇప్పుడు గురువారాలు మా ఇంట్లో వంట ఆరింటికే అయిపోతుందండీ!