బెజవాడలో రెండు రోజుల చదరంగం

పిల్లలూ! నేను ముప్పయ్యయిదేళ్ళు బడిలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. చదరంగం మా తాతగారి దగ్గర నేర్చుకున్నాను. ఆయన ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచేది. రాజు మాత్రం ఒకే ఒకసారి గుర్రంలాగా దూకవచ్చు. పొద్దున అరుగుమీద మొదలైన ఆట దీపాలవేళకు తేలేది. అటువంటి నేను, అరవై ఆరో ఏట, పదిహేను నిమిషాల పందేనికి బయలుదేరాను!

2025 ఫిబ్రవరిలో ఒక శనివారం తెల్లవారుజామున తెనాలిలో రైలెక్కాను. వెంట నా పాత శిష్యులు ముగ్గురు: ఒకడు బ్యాంకు గుమాస్తా, ఒకడు మందుల దుకాణం పెట్టుకున్నాడు, మూడో ఆమె లెక్కల టీచరమ్మ. శనివారం ఎవరి ఆట వారిది. ఆదివారం నలుగురం ఒక జట్టు.

కృష్ణా కెనాల్ స్టేషను దాటగానే రైలు నదిమీదికి వచ్చింది. ఎడమచేతివైపు ప్రకాశం బ్యారేజి, దాని అవతల ఇంద్రకీలాద్రి. 1952లో పాత ఆనకట్టకు గండిపడిన తరువాత కట్టి, 1957లో తెరిచిన బ్యారేజి అది. డెబ్బై తలుపులు. లెక్కపెట్టబోయాను గాని, ఇరవై దాటకుండానే వంతెన అయిపోయింది.

పందెం ఒక కల్యాణమండపంలో. నూట ఇరవైమంది ఆటగాళ్ళు. సగానికి పైగా మీ వయసువాళ్ళే. అందరూ అందరితో ఆడాలంటే ఒక్కొక్కరు 119 ఆటలు ఆడాలి. మొత్తం 7140 ఆటలు! అందుకని స్విస్ పద్ధతి పెడతారు. 1895లో జూరిక్ నగరంలో మొదలైంది గనక ఆ పేరు. గెలిచినవారికి గెలిచినవారితో, ఓడినవారికి ఓడినవారితో జత కలుపుతారు. ఎవరినీ ఇంటికి పంపరు. ఒక్క ఆటా ఓడనివారు ప్రతి విడతకూ సగానికి తగ్గుతారు గనక, ఏడు విడతల్లో విజేత తేలుతాడు. కావాలంటే పలకమీద వేసి చూడండి.

ప్రతివారికీ పదిహేను నిమిషాలు, పైన ఎత్తుకు పది సెకన్లు చొప్పున. ఎత్తు వేసిన చేతితోనే గడియారం నొక్కాలి. అప్పుడు మన కాలం ఆగి, ఎదుటివారి కాలం నడుస్తుంది. నొక్కడం మరిచితే మన కాలమే కరిగిపోతుంది. ఇది చదవడానికి సులువే!

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి ఈ వేగపు ఆటలోనే 2019లోనూ, 2024లోనూ ప్రపంచ మహిళా విజేత అయింది. రెండో గెలుపు జరిగి రెండు నెలలు కాలేదు. ఆ మండపంలో ఏ మూల విన్నా ఆమె పేరే.

నాలుగో విడతలో నా ఎదురుగా తొమ్మిదేళ్ళ కుర్రవాడు కూర్చున్నాడు. కాళ్ళు నేలకు అందడం లేదు. పదిహేను ఎత్తులకే నా రాజును మూలకు తరిమాడు. శకటును జరిపి, నీళ్ళసీసా అందుకున్నాడు. గడియారం నొక్కడం మరిచాడు. నేను చూశాను. చూసి, బల్లమీదికి వంగి ఆలోచిస్తున్నట్టు కూర్చున్నాను. ఎదుటివాడికి చెప్పి తీరాలని నిబంధనేమీ లేదు. వాడు గమనించేసరికి మూడు నిమిషాలు పోయాయి. చివర కంగారులో ఏనుగును పోగొట్టుకుని ఓడిపోయాడు.

ఆ సాయంకాలం శిష్యులు నన్ను బ్యారేజి దగ్గరికి తీసుకుపోయి వేడివేడి పునుగులు పెట్టించారు. బాగానే వున్నాయన్నారు అందరూ. నాకు రుచి తెలియలేదు.

ఆదివారం జట్ల ఆట. నాలుగు బల్లలు, ఒక్కొక్క గెలుపుకు ఒక పాయింటు, సమమైతే అర. రెండున్నర వస్తే జట్టు గెలిచినట్టు. మన బల్లమీద సమం చేసుకుంటే చాలునా, తెగించాలా అన్నది పక్క బల్లలు చూసి నిర్ణయించుకోవాలి. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

చివరి విడతలో మళ్ళీ ఆ కుర్రవాడే! మా మిగతా మూడు బల్లలూ ముగిసేసరికి ఒకటిన్నర, ఒకటిన్నర. మూడో స్థానం కప్పు మా ఇద్దరి మీద పడింది. నాకు రెండు నిమిషాలు మిగిలాయి. మంత్రిని జరిపి, కళ్ళజోడు తీసి తుడుచుకోసాగాను.

"తాతగారూ, గడియారం!" అన్నాడు వాడు మెల్లిగా.

వాడి వెనక నిలుచున్న వాళ్ళ నాయకుడు నుదురు చిట్లించాడు. నేను చప్పున నొక్కాను. ఆ మిగిలిన కాలంతోనే నిదానంగా ఆడి, ఒక బంటును చివరి గడికి చేర్చి, ఆట కట్టించాను. మావాళ్ళు గంతులు వేశారు. కుర్రవాడు తల వంచుకుని పావులు సర్దుతున్నాడు.

"నిన్న నువ్వు మరిచినప్పుడు నేను చెప్పలేదురా, అబ్బాయీ," అన్నాను.

"తెలుసు తాతగారూ. మీరు గడియారంకేసి రెండుసార్లు చూశారు."

నాకు మాట రాలేదు. వాడే అడిగాడు: "మీ కాలంలో గడియారం లేకుండా ఆడేవాళ్ళా?"

"అవును. రాజు ఒకసారి గుర్రంలాగా దూకేవాడు కూడా."

వాడి కళ్ళు పెద్దవయ్యాయి. మళ్ళీ పావులు పేర్చాడు. గడియారాన్ని బల్లకింద పెట్టాడు. మా తాతగారి పద్ధతిలో మొదలుపెట్టాం. మండపంవాళ్ళు కుర్చీలు ఎత్తుతున్నారు. గుమాస్తా రెండుసార్లు వచ్చి, "మాస్టారూ, బండికి వేళయింది," అన్నాడు. మూడోసారి వచ్చి ఏమీ అనకుండా పక్కన కూర్చుని చూడసాగాడు.

ఏడింటి బండి వెళ్ళిపోయింది.