ఎదురుగా సూపర్‌మార్కెట్

నారాయణఖేడ్‌లో మా బాపు పెట్టిన కిరాణం అది. బీదర్ దగ్గరే కాబట్టి తెలుగు, కన్నడ, మరాఠీ, లంబాడీ నాలుగూ మా గల్లా దగ్గర వినిపిస్తాయి. 2020 లాక్‌డౌన్ తర్వాత మా బజారులోనే సూపర్‌మార్కెట్ తెరిచారు. మేం హోల్‌సేల్‌లో కొనే ధర కన్నా తక్కువకే చక్కెర అమ్మారు. దసరా సరుకుల చిట్టీలన్నీ అటే పోయాయి. బాకీ పెరగడంతో మాకు సరుకిచ్చే హోల్‌సేల్ సేటు సరుకు ఆపేశాడు. నా భార్య గాజులు కుదువపెట్టి కొంత కట్టాం. మేమూ ధర తగ్గిద్దామంటే ఆ నష్టం మోసే పైసలేవి?

ఎంబీఏ చదువుతున్న మా బిడ్డ, "బాపూ, వాళ్లకు లాభం ఎక్కడొస్తుందో ముందు చూద్దాం" అన్నది. మామూలు గిరాకీలాగే పోయి సరుకు కొని బిల్లులు తెచ్చేది. షట్టర్ దించాక వాటిని మా కొనుగోలు చిట్టీల పక్కన పెట్టి ఒక్కో సరుకూ చూశాం. తగ్గింపంతా చక్కెర, నూనెల మీదే, అంటే జనానికి ధర నోటికొచ్చిన వాటి మీదే. సబ్బులు, మసాలాలు ఎమ్మార్పీకే. ప్యాకెట్ కందిపప్పు మా విడి పప్పు కన్నా పిరమే.

1980లో మైకేల్ పోర్టర్ రాసిన 'కాంపిటీటివ్ స్ట్రాటజీ' గురించి అప్పుడే చెప్పింది. దాని ప్రకారం, అందరికన్నా తక్కువ ఖర్చుతో నడపాలి, లేదా ఎవరి దగ్గరా లేనిది ఇవ్వాలి, అదీ కాకపోతే కొందరినే ఎంచుకుని వాళ్లకు పూర్తిగా పనికిరావాలి. మొదటిది మా వల్ల కాదు. మూడోది మా చుట్టుపక్కల లంబాడీ తాండల్లోనే ఉంది.

దసరా, దీపావళి దాటితే తాండల వాళ్లు చెరకు నరకడానికి జహీరాబాద్ వైపు, కర్ణాటకకు, మహారాష్ట్రకు పోతారు. పోయేముందు, కూలీలను తీసుకుపోయే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సులోంచి పాత ఉద్దెర కట్టి, నెలలకు సరిపడా సరుకు కట్టించుకుంటారు. ఇంటి దగ్గర మిగిలిన ముసలివాళ్లకు పావుకిలో పప్పు, పది రూపాయల కారం కావాలి. సూపర్‌మార్కెట్‌లో విడి సరుకూ లేదు, ఉద్దెరా లేదు.

చక్కెర పోటీ వదిలేశాం. జొన్నలు, పప్పు, ఉప్పు, కారం గుంపుకింత అని మూటలు కట్టి, వాళ్లు లారీ ఎక్కే చోటికే చేర్చాం. ఉద్దెరకు ఇంటింటికీ ఒక హద్దు పెట్టాం. ఉద్దెర వ్యాపారాన్ని ముంచుతుందనే మాట నేను ఒప్పుకోను. కూలి చేతికొచ్చే నెల తెలిసి ఇస్తే అది పెట్టుబడే. అయినా పని ముగించి వచ్చిన ఒక గుంపుకు మేస్త్రీ లెక్క తేల్చలేదు. వాళ్ల బాకీ మరుసటి సీజన్‌ దాకా మేమే మోశాం. ఆ నెలల్లో మా ఇంట్లో కూరగాయలు కొనడానికీ ఆలోచించాం.

జీతాల ఇళ్లు మళ్లీ మా దుకాణానికి రాలేదు. వాళ్ల కోసం పెట్టిన షాంపూలు, చాక్లెట్ల అర తీసేసి అక్కడ జొన్న బస్తాలు దింపాం. సేటు బాకీ తీరింది. గాజులు ఇప్పుడిప్పుడే విడిపిస్తున్నాం.