జలపాతానికీ మరమ్మతులు

ఉత్తర యార్క్‌షైర్‌లోని హార్‌డ్రా గ్రామంలో జలపాతానికి దారి అడిగితే సత్రం చూపిస్తారు. చాలాకాలం పాటు గ్రీన్ డ్రాగన్ అనే ఆ పాత సత్రం గుమ్మంలోంచే వెళ్లాల్సి వచ్చేది. ఇప్పటికీ జలపాతం దాని వెనకే ఉంది, రుసుం కట్టక తప్పదు. చెట్ల నీడన కాసేపు నడిస్తే మూడువైపులా రాతిగోడలున్న లోయ, ఎదురుగా కొండ అంచునుంచి జారిపడే సన్నటి తెల్లధార కనిపిస్తాయి. ఎత్తు 100 అడుగులు. భూగర్భ గుహల్లో దూకేవాటిని పక్కనబెడితే, ఇంగ్లండ్‌లో మధ్యలో ఎక్కడా రాతిని తాకకుండా ఒక్క ఉదుటున పడే జలపాతాల్లో ఇదే ఎత్తయినది. తలకోనలో 270 అడుగుల ధార చూసొచ్చినవాళ్లకు 'ఇంతేనా?' అనిపించడం సహజం.

అయితే ఆ కొండ అంచును కాస్త నిదానంగా చూడాలి. 1899లో కుండపోత వానకు వాగు పొంగి, ఆ అంచు కాస్తా కొట్టుకుపోయింది. ఏకధారగా దూకే జలపాతం చెల్లాచెదురైంది. అప్పట్లో ఆ భూమికి యజమాని అయిన వార్న్‌క్లిఫ్ ప్రభువు ఊరుకోలేదు. మేస్త్రీలను పెట్టి రాళ్లు పేర్పించి, బిగింపజేసి అంచును మళ్లీ నిలబెట్టాడు. నేడు కెమెరాలకు చిక్కే 'సహజ సౌందర్యం'లో తాపీపని వాటా కూడా ఉందన్నమాట.

ఇంగ్లండ్ పల్లెసీమల్లో నీళ్ల వెంట తిరిగేవారికి ఈ అనుభవం పదేపదే ఎదురవుతుంది. ప్రకృతి సృష్టి అనుకున్నదానిలో మనిషి చెయ్యి కనబడుతుంది. మనిషి కట్టినదేమో ప్రకృతిలో ఎప్పుడో కలిసిపోయి ఉంటుంది.

ఉత్తరాన డరమ్ ప్రాంతంలో టీస్ నది మీది హై ఫోర్స్ సంగతే తీసుకోండి. ఇక్కడ ఫోర్స్ అంటే బలం కాదు. వెయ్యేళ్ల కిందట ఈ కొండల్లో స్థిరపడ్డ స్కాండినేవియన్లు జలపాతాన్ని 'ఫోస్' అనేవారు, ఆ మాటే అలా మారింది. దీన్ని చేరడానికి బాగున్న దారి బౌలీస్ నుంచి మొదలవుతుంది. ముందు వించ్ బ్రిడ్జి అనే సన్నటి వేలాడే వంతెన వస్తుంది. సీసం గని కూలీల కోసం 1741లో ఇక్కడ తొలి వంతెన వేశారు. ఇప్పుడున్నది 1830 నాటిది. దాని పక్కనే మెట్లుమెట్లుగా దిగే లో ఫోర్స్. అక్కడినుంచి పెన్నైన్ వే కాలిబాటన ఏటి ఒడ్డునే నడిస్తే హోరు ముందు వినిపిస్తుంది, నీరు తర్వాత కనిపిస్తుంది. ఈ ఒడ్డున డబ్బులు కట్టనక్కర్లేదు. అవతలి ఒడ్డున టికెట్ ఉంది, కానీ జలపాతం పాదం దాకా వెళ్లొచ్చు.

దాదాపు 70 అడుగుల ఎత్తునుంచి టీ డికాక్షన్ రంగు నీరు పడుతుంటే మురికి అనుకోవద్దు. ఎగువ బీళ్లలోని పీట్ నేలల్లో నాని రావడం వల్ల వచ్చిన రంగది. పైన ఉన్నది విన్ సిల్ అనే గట్టి నల్లరాయి. దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట కరిగిన శిల భూమి పొరల మధ్యకు చొచ్చుకొచ్చి గడ్డకట్టింది. కింది మెత్తటి పొరలను నీరు తొలిచేస్తుంటే పైరాయి ఆసరా కోల్పోయి విరిగిపడుతుంది. ఆ లెక్కన జలపాతం నెమ్మదిగా వెనక్కి నడుస్తోంది.

చిత్రకారుడు టర్నర్ 1816లో ఇక్కడికి వచ్చి బొమ్మలు గీసుకువెళ్లాడు. ఆ రోజుల్లో వరదొస్తే మధ్యనున్న బండకు రెండువైపులా నీరు దూకేది. ఇప్పుడది అరుదు. ఎగువన కౌ గ్రీన్ జలాశయం రావడమే కారణం. టీస్ ముఖద్వారం దగ్గరి రసాయన పరిశ్రమలకు నీళ్లు కావాలని 1960ల్లో దాన్ని తలపెట్టినప్పుడు వృక్షశాస్త్రవేత్తలు గట్టిగా ఎదిరించారు. మంచుయుగం తర్వాత మిగిలిన అరుదైన మొక్కలు, మే నెలలో నీలంగా పూసే జెన్షియన్‌తో సహా, ఆ లోయలో ఉన్నాయి. పార్లమెంటు 1967లో పరిశ్రమ వైపే మొగ్గింది. 1971 నాటికి జలాశయం పూర్తయింది. కాబట్టి హై ఫోర్స్ హోరులో కొంత కవాటాల దయ.

ఇక మనుషులు కట్టినవి. వియర్ అంటే నదికి అడ్డంగా కట్టి, నీటిమట్టం పెంచి, మిగులు నీటిని పైనుంచి పొర్లనిచ్చే కట్ట. మన చెరువుకు అలుగు, తెలంగాణ మాటలో మత్తడి ఎలాగో నదికి ఇది అలాగ. మరలు తిప్పడానికీ, పడవలు నడపడానికీ ఇంగ్లండ్ ఏరులన్నిటికీ ఇవి పుట్టుకొచ్చాయి. 1086 నాటి డూమ్స్‌డే లెక్కల్లోనే 5 వేలకు పైగా మరలు ఉన్నాయి. వీటిపై తగాదా కూడా కొత్తది కాదు. 1215 నాటి మాగ్నా కార్టాలో స్వేచ్ఛ, న్యాయం గురించిన గొప్ప మాటల నడుమ 33వ నిబంధన థేమ్స్, మెడ్వే నదుల్లోనూ దేశమంతటా చేపల కోసం కట్టిన అడ్డుకట్టలు తీసేయాలని ఆదేశించింది.

పర్యాటకులకు బాగా తెలిసిన కట్ట బాత్ నగరంలోని పుల్టెనీ వియర్. ఏవన్ నది మూడు మెట్లుగా, గుర్రపునాడా ఆకారంలో దిగుతుంది. వెనక 1774లో పూర్తయిన వంతెన ఉండటంతో రెండూ ఒకే కాలానివని అనుకుంటారు. ఇక్కడ మధ్యయుగంనుంచీ కట్ట ఉన్నమాట నిజమే గానీ ఇప్పటి రూపం వరదల నివారణ కోసం 1970ల మొదట్లో వచ్చింది. డెర్బీషైర్‌లోని బెల్పర్‌లో మాత్రం పాతదనం నిఖార్సు. డెర్వెంట్ నదిపై స్ట్రట్ కుటుంబం నూలు మిల్లుల కోసం 1797లో పూర్తిచేసిన వంపుకట్ట ఇప్పటికీ పారుతోంది. ఈ లోయ మిల్లులకు 2001లో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. కోస్తా నేతగాళ్ల మగ్గాలను 19వ శతాబ్దంలో దెబ్బతీసిన మిల్లుగుడ్డ చరిత్ర ఇలాంటి కట్టల దగ్గరే మొదలైందని గుర్తొస్తే ఆ నీటి చప్పుడు మరోలా వినిపిస్తుంది.

ఈ కట్టలు చూడ్డానికి నెమ్మదస్తుల్లా ఉంటాయి. దిగువన మాత్రం నీరు వెనక్కి సుడితిరిగి, పడినవాణ్ని పట్టి ఉంచుతుంది. మూడడుగుల ఎత్తే కదా అని దిగడం ప్రాణాంతకం. చేపలకైతే అడుగు ఎత్తూ గోడే.

సెవర్న్ నది కథ అదే. 1840ల్లో సరుకు పడవల కోసం వూస్టర్ చుట్టుపక్కల వరసగా కట్టలు వేశారు. సముద్రంనుంచి గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదే ట్వైట్ శాడ్ అనే వెండిరంగు చేపకు దారి మూసుకుపోయింది. సాల్మన్ ఎగిరి దాటగలదు, శాడ్ దూకలేదు. ఈ చేప మరెవరో కాదు, మన పులసకు దూరపు చుట్టం. సముద్రంలో విలసగా ఉండి, వరద గోదావరిలోకి ఎదురెక్కి పులస అయ్యే చేపకు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట అడ్డొచ్చినదీ దాదాపు ఆ కాలంలోనే. ఆర్థర్ కాటన్ దాన్ని 1847లో మొదలుపెట్టి 1852లో ముగించాడు. తేడా ఒక్కటే. గోదావరి కట్ట డెల్టాకు అన్నం పెట్టింది. సెవర్న్ కట్టల మీద ఆధారపడ్డ సరుకు రవాణా రైళ్లొచ్చాక క్రమంగా అడుగంటింది.

అయినా వాటిని పడగొట్టడం తేలిక కాదు. కట్ట తీస్తే ఎగువ నీటిమట్టం పడిపోతుంది, విహార పడవలు ఆగిపోతాయి. పాత మిల్లుల దగ్గరైతే కాలువలు ఎండిపోతాయి, వారసత్వ ప్రేమికులు కోర్టుకెక్కుతారు. అందుకే సెవర్న్ మీద మధ్యేమార్గం పట్టారు. దాదాపు 2 కోట్ల పౌండ్ల పథకంలో నాలుగు కట్టల పక్కన చేపల దారులు కట్టారు. ఉపనది టీమ్ మీద మరో రెండు చోట్ల అడ్డంకులు తొలగించే పనులు చేశారు. 250 కిలోమీటర్ల నది మళ్లీ చేపలకు తెరుచుకుంది.

వీటిలో పెద్దది వూస్టర్‌లోని డిగ్లిస్ దగ్గరుంది. పొడవు సుమారు 100 మీటర్లు. కట్ట దాటడానికి చేప ఒక అరలోంచి మరో అరలోకి కొద్దికొద్దిగా ఎక్కుతుంది. నేలకింద అద్దాల గది ఉంది, నిర్ణీత రోజుల్లో జనాన్ని రానిస్తారు. పైన కట్టమీంచి నీరు హోరున దూకుతుంటే కింద ఆకుపచ్చ వెలుతురులో పిల్లలు అద్దానికి ముక్కు ఆనించి నిలబడతారు. మే నెల వస్తే శాడ్ వేళ.